ధర్మాబాద్ నీడ గడియారం బరంపురం మేడ మీద 44 నిమిషాలు ముందు ఎందుకు నడుస్తోంది

తమ్ముడూ, మీరు పెట్టిన నాలుగు ఫోటోలూ పెద్దవి చేసి చూశా. మిగతాదంతా తర్వాత, ముందు ఒక్క మాట. ఆ పలకని ఇత్తడి పనివాళ్ల దగ్గరికి తీసుకెళ్లొద్దు. గీతలు అరగదీయించి కొత్తగా చెక్కించడం, కొమ్ము (నీడ పడేలా పలక మీద ఏటవాలుగా నిలబెట్టిన రేకు) కోసి అతికించడం, ఏదీ వద్దు. పలకలో తప్పేం లేదు, మీరు దాన్ని కూర్చోబెట్టిన తీరులో ఉంది.

తర్వాత చదివేవాళ్ల కోసం ప్రశ్న మళ్లీ చెప్తా. ఈయన తాతగారిది నాందేడ్ జిల్లా ధర్మాబాద్, బాసర దాటగానే వచ్చే ఊరు, మిర్చి వ్యాపారం. ఆయన తన లెక్క ప్రకారం అడుగు చదరం ఇత్తడి పలక మీద నీడ గడియారం చేయించుకుని దాబా మీద పెట్టుకున్నారు. ఇల్లు అమ్మేశాక, ఉద్యోగం మీద బరంపురం వచ్చిన మనవడు దాన్ని తెచ్చి మేడ మీద సిమెంటు దిమ్మె కట్టి, రసమట్టం పెట్టి సమంగా చేసి, ఉత్తరానికి సూటిగా కూర్చోబెట్టారు. నవంబరు 3న చూస్తే ఫోను కంటే 44 నిమిషాలు ముందు చూపిస్తోంది. పైగా పన్నెండు గీత కొమ్ముకి సూటిగా లేదు, ఎడమ పక్కకి అర సెంటీమీటరు పైనే జరిగి ఉంది, తాతగారే తప్పు చేశారా అని అనుమానం. పలక కొంచెం తిప్పి పన్నెండుకి సరిపెడితే సాయంత్రం మళ్లీ తేడా కొడుతోంది. ఇదీ సంగతి.

నాది పర్లాకిమిడి. ఉద్యోగమంతా డ్రాయింగ్ బోర్డు ముందే గడిచింది, రిటైరయ్యాక ఈ పిచ్చి పట్టుకుంది, ఇప్పటికి ఏడు నీడ గడియారాలు చేశా, అందులో మొదటి రెండూ పనికిరానివే. మొదటిది మా మేడ మీదే, దిక్సూచి పెట్టి ఉత్తరం పట్టా, స్లాబులో ఇనుము, పక్కనే ఇనప రెయిలింగు, ముల్లు ఎటో చూసింది, నేను దాన్నే నమ్మా. ఆ గడియారం మధ్యాహ్నం ఒక రకంగా సాయంత్రం ఇంకో రకంగా అబద్ధం చెప్పేది. అందుకని మీ పోస్టు చదవగానే ముందు అదే అనుకున్నా, కానీ మీరు రాసిన 44 అన్న అంకె చూశాక కాగితం తీసి లెక్క వేశా, అక్కడ మీ తాతగారు దొరికిపోయారు.

లెక్క ఇది. భూమి 24 గంటల్లో 360 డిగ్రీలు తిరుగుతుంది, అంటే ఒక డిగ్రీకి 4 నిమిషాలు. ధర్మాబాద్ 77.85 డిగ్రీల రేఖాంశం మీద ఉంది, బరంపురం 84.79 మీద. తేడా 6.94 డిగ్రీలు, నాలుగుతో గుణిస్తే 27.8 నిమిషాలు. ధర్మాబాద్‌లో సూర్యుడు నడినెత్తికి రావడానికి దాదాపు 28 నిమిషాల ముందే బరంపురంలో వచ్చేస్తాడన్నమాట. ఇక నవంబరు 3 చుట్టూరా రోజుల్లో సూర్యుడు, మన గడియారాలు లెక్కపెట్టే సగటు టైము కంటే 16 నిమిషాల 25 సెకన్లు ముందుంటాడు, ఏడాది మొత్తంలో అంతకంటే ముందుకి పోడు. 27.8కి 16.4 కలపండి. 44.2. మీరు కంటితో చూసి రాసిన అంకె 44. ఇంత సరిగ్గా వచ్చిందంటే మీరు ఉత్తరం బాగానే పట్టారు, మీ తాతగారు గీతలు ఇంకా బాగా గీశారు.

ఇప్పుడు ఆ పన్నెండు గీత సంగతి. మామూలుగా అయితే నీడ గడియారంలో పన్నెండు గీత కొమ్ముకి సూటిగా, అంటే ఉత్తర దక్షిణాలకి ఉంటుంది, ఎందుకంటే అది ఆ ఊరి సూర్యుడి టైము చూపిస్తుంది, సూర్యుడు నడినెత్తిన ఉంటే పన్నెండు. కానీ మన చేతి గడియారాలు చూపించేది ఆ ఊరి టైము కాదు కదా, 82.5 డిగ్రీల రేఖాంశం టైము, దేశమంతా వాడే ఇండియన్ స్టాండర్డ్ టైము అదే. ధర్మాబాద్ ఆ రేఖకి పడమరగా 4.65 డిగ్రీలు ఉంది, అంటే 18.6 నిమిషాలు వెనక. అక్కడ గడియారంలో పన్నెండు కొట్టినప్పుడు సూర్యుడు ఇంకా నడిమధ్యకి రాలేదు, తూర్పు పక్కనే ఉన్నాడు, నీడ పడమర పక్కకి పడుతుంది. లెక్క వేస్తే ఒకటిన్నర డిగ్రీ. కొమ్ము మొదలు నుంచి 25 సెంటీమీటర్ల దూరంలో ఒకటిన్నర డిగ్రీ అంటే ఆరేడు మిల్లీమీటర్లు. మీరు అర సెంటీమీటరు పైన అని రాసింది సరిగ్గా ఇదే. తాతగారు తప్పు చెయ్యలేదు బాబూ, రైల్వే టైము పలకలోనే కలిపేసి గీశారు, రోజూ 18 నిమిషాలు కూడుకునే బాధ లేకుండా. పంచాంగం లెక్కలు తెలిసినవాళ్లు దీన్నే దేశాంతర సంస్కారం అంటారు, ఆయనకి ఆ పరిచయం ఉండే ఉంటుంది. ఇప్పుడు బజార్లో దొరికే వాటిలో నూటికి తొంభై ఇది లేకుండానే వస్తాయి, ఈ మాట నా చిరాకుతో అంటున్నా, లెక్కపెట్టి కాదు.

ఇక పలక తిప్పితే ఎందుకు కుదర్లేదో చూద్దాం, ఎందుకంటే పది మందిలో తొమ్మిది మంది చేసేది అదే, నేనూ చేశా. మన అక్షాంశం 19 డిగ్రీల చుట్టూరా. ఇంత కింద ఉన్న ఊళ్లలో గంటల గీతలు మధ్యాహ్నం దగ్గర ఇరుకిరుకుగా, ఉదయం సాయంత్రం బాగా విడివిడిగా ఉంటాయి. సూత్రం ఒక్కటే, గీత కోణం టాంజెంటు అంటే అక్షాంశం సైనుని గంట కోణం (నడిమధ్యాహ్నం నుంచి గంటకి 15 డిగ్రీల చొప్పున) టాంజెంటుతో గుణించడమే. 19 డిగ్రీలకి వేస్తే సూర్యుడి టైములో పన్నెండుకీ ఒంటిగంటకీ మధ్య 5 డిగ్రీలు, రెండింటికి 10.6, మూడింటికి 18, నాలుగింటికి 29.4, ఐదింటికి 50.5, ఆరింటికి 90. చూశారా, మధ్యాహ్నం ఒక గంటకి 5 డిగ్రీలు, సాయంత్రం ఐదుకీ ఆరుకీ మధ్య అదే గంటకి దాదాపు 40 డిగ్రీలు. మీరు పన్నెండు దగ్గర 44 నిమిషాలు సర్దడానికి మూడున్నర నాలుగు డిగ్రీలు తిప్పి ఉంటారు, సాయంత్రం ఐదు దాటాక ఆ నాలుగు డిగ్రీలు ఏ మూలకొస్తాయి? పైగా పలకతో పాటు కొమ్ము కూడా ఉత్తరం తప్పిపోయింది, దాంతో రోజు రోజుకీ కూడా తేడా మారుతుంది. లండన్ లాంటి చోట, 51.5 డిగ్రీల దగ్గర, ఇదే గంటకి మధ్యాహ్నం 12 డిగ్రీలు సాయంత్రం 19 డిగ్రీలు, తిప్పుడు తప్పు అక్కడ అంతగా బయటపడదు, మన దగ్గర అయితే వెంటనే దొరికిపోతుంది.

కొమ్ము వంచడం కూడా ఇంతే. కొమ్ము వాలు అంచు భూమి ఇరుసుకి సమాంతరంగా ఉండాలి, అంటే ధ్రువ నక్షత్రం వైపు చూడాలి, ఆ ఊరి అక్షాంశం ఎన్ని డిగ్రీలో అంత ఎత్తుకి. మీది కొలిస్తే 19కి కొంచెం తక్కువ వచ్చిందన్నారు, ధర్మాబాద్ 18.9, బరంపురం 19.3. తేడా అర డిగ్రీ కూడా లేదు, దాని జోలికి పోవద్దు.

మరి ఏం చెయ్యాలి? ఇక్కడ కొంచెం ఆగి ఊహించుకోండి, నాకు ఇది తట్టడానికి చాలా ఏళ్లు పట్టింది, పుస్తకంలో సూత్రం ఉంది కానీ బొమ్మ కళ్లకి కట్టలేదు. భూమి గుండ్రం. ధర్మాబాద్ దాబాకి రసమట్టం పెట్టినా, బరంపురం మేడకి రసమట్టం పెట్టినా రెండూ సమమే, కానీ ఒకదానికొకటి సమం కాదు, వాటి మధ్య దాదాపు 7 డిగ్రీల వాలు ఉంది, గుమ్మడికాయకి రెండు చోట్ల తమలపాకు అంటించినట్టు. సూర్యుడు ఎంత దూరంలో ఉన్నాడంటే ఇక్కడా అక్కడా ఒకే క్షణంలో వెలుగు ఒకే దిక్కు నుంచి వస్తుంది. అంచేత మీ పలక బరంపురంలో కూడా ధర్మాబాద్‌లో ఎలా కూర్చుందో అచ్చం అలాగే, అదే వాలులో కూర్చుంటే, దాని మీద నీడ కూడా ధర్మాబాద్‌లో పడినట్టే పడుతుంది. ధర్మాబాద్‌లో అది చూపించేది ఇండియన్ స్టాండర్డ్ టైము, బరంపురంలోనూ అదే టైము. అంతే పని. మీరు రసమట్టం పెట్టి సమం చేసి పాడు చేశారు, నవ్వుకోండి పర్లేదు.

ధర్మాబాద్ మీకు పడమర కాబట్టి పలక పడమర పక్కకి వాలాలి, అంటే తూర్పు అంచు పైకి లేవాలి. ఎంత? 6.94 డిగ్రీలు కొమ్ము వాలు అంచు చుట్టూ తిప్పాలి. కొమ్ము నేలకి 19 డిగ్రీల్లో దాదాపు పడుకునే ఉంటుంది కాబట్టి ఈ తిప్పుడులో ఎక్కువ భాగం తూర్పు పడమరల వాలే, 6.6 డిగ్రీలు, మిగతాది పలకని సవ్యంగా 2.3 డిగ్రీలు తిప్పడం, అంటే ఉత్తరపు కొస తూర్పుకి జరగాలి. 30 సెంటీమీటర్ల పలకకి 6.6 డిగ్రీలంటే తూర్పు అంచు కింద 3.4 సెంటీమీటర్ల ఎత్తు. ఉత్తరం అంచు కింద ఇంకో 2 మిల్లీమీటర్లు, అది ఆ 0.4 డిగ్రీల అక్షాంశం తేడాకి, వెయ్యకపోయినా కొంప మునగదు. టేకు చెక్కతో కింద ఏటవాలు పీట చేయించండి, వడ్రంగికి డిగ్రీలు చెప్పొద్దు, ఒక పక్క జీరో ఇంకో పక్క 34 మిల్లీమీటర్లు అని చెప్పండి. ప్లైవుడ్ వద్దు, ఒక వర్షాకాలానికే ఉబ్బిపోతుంది.

ఆ 2.3 డిగ్రీల తిప్పుడు కొలవక్కర్లేదు, వేరే దారి ఉంది. మేడ మీద అసలు ఉత్తరం గీత గీసుకుని, దానికి సూటిగా పైన ఒక దారం లాగి కట్టి, ఆ దారానికి రెండు చోట్ల మేస్త్రీలు వాడే గుండ్లు వేలాడదీయండి. దక్షిణం నుంచి ఒక కన్ను మూసి చూస్తే రెండు గుండ్ల దారాలూ, కొమ్ము వాలు అంచు మొదలూ, కొసా అన్నీ ఒకే నిలువు గీతలో కలిసిపోవాలి. కలిసేదాకా పీటతో సహా పలకని కొంచెం కొంచెం తిప్పండి. వాలు వేశాక కొమ్ము కూడా పడమరకి ఒరుగుతుంది, చూడ్డానికి వంకరగా ఉంటుంది, ఇంట్లోవాళ్లు ఏదో ఒకటి అంటారు. కొమ్ము ఒరిగినా దాని వాలు అంచు ఉత్తరానికే చూడాలి, మనకి కావాల్సింది అదొక్కటే.

ఉత్తరం గీత ఎలా అంటే, దిక్సూచి మర్చిపోండి, ఫోనులో ఉన్నది అసలే మర్చిపోండి. మన వైపు అయస్కాంత ఉత్తరానికీ అసలు ఉత్తరానికీ తేడా డిగ్రీ లోపే, గొడవ అది కాదు, మేడ నిండా ఉన్న ఇనుము. పాత పద్ధతే మంచిది, సూర్యసిద్ధాంతంలో త్రిప్రశ్నాధికారం మొదట్లోనే ఉంటుంది. సమంగా ఉన్న చోట ఒక పుల్ల నిలువుగా నిలబెట్టి, దాని మొదలు కేంద్రంగా సున్నా చుట్టి, పొద్దున నీడ కొస ఆ సున్నాని తాకిన చోట ఒక చుక్క, సాయంత్రం మళ్లీ తాకిన చోట ఇంకో చుక్క. రెండు చుక్కలు కలిపితే తూర్పు పడమర, దానికి మూలమట్టం పెడితే ఉత్తరం. ఒక్క రోజు పని, పైసా ఖర్చు లేదు. ఓపిక లేదంటే నడిమధ్యాహ్నం టైము లెక్కవేసుకుని ఆ నిమిషానికి గుండు దారం నీడ మీద గీత కొట్టెయ్యండి, నవంబరు 3న బరంపురంలో అది 11 గంటల 34 నిమిషాలకి. ఈ రెండో పద్ధతి మే నెల మధ్య నుంచి జూలై ఆఖరు దాకా పెట్టుకోవద్దు, ఆ రోజుల్లో మధ్యాహ్నం సూర్యుడు మన నెత్తి మీదుగా ఉత్తరం పక్కకి పోతాడు, మే 17, జూలై 26 చుట్టూరా అయితే నీడే ఉండదు, దేని మీద గీస్తారు?

రాత్రిపూట సరిచూసుకోవాలంటే ఇంకా సుళువు. కొమ్ము వాలు అంచు వెంట కింద నుంచి పైకి కన్ను పెట్టి చూడండి, ధ్రువుడు కనపడాలి. పెళ్లిలో అరుంధతితో పాటు చూపించేది ఆయన్నే, అప్పుడు ఎవరూ సరిగ్గా చూడరు కానీ ఇప్పుడు పని పడింది. అసలు ధ్రువ బిందువుకి ఆయన ముప్పావు డిగ్రీ లోపే ఉంటాడు, మనకి చాలు. 19 డిగ్రీల ఎత్తే కాబట్టి ఉత్తరం పక్క ఎదురింటి ట్యాంకు అడ్డం లేకుండా చూసుకోవాలి.

ఇదంతా చేశాక తేడా పూర్తిగా పోతుందా అంటే పోదు. 28 నిమిషాలు పోతాయి, మిగిలింది ఆ 16. అది ఏ వాలుతోనూ పోదు ఎందుకంటే రోజూ మారుతుంది. భూమి తిరిగే దారి కోడిగుడ్డు ఆకారం, జనవరి మొదట్లో సూర్యుడికి దగ్గరగా వచ్చి జోరుగా పోతుంది, పైగా ఇరుసు 23.4 డిగ్రీలు ఒరిగి ఉంది, ఈ రెండూ కలిసి సూర్యుడు ఒకసారి తొందరపడతాడు ఒకసారి నీరసపడతాడు. దీనికి ఒక చిన్న పట్టీ రాసి పక్కన అంటించుకోవడమే. నా మేడ మీద ఉన్నది ఇలా ఉంటుంది. జనవరి 1న నీడ 3 నిమిషాలు వెనక, 15కి 9 వెనక, ఫిబ్రవరి 11కి 14 వెనక, అదే అన్నిటికంటే వెనక, మార్చి 1కి పన్నెండున్నర, మార్చి 14కి 9, ఏప్రిల్ 1కి 4, ఏప్రిల్ 15కి సున్నా. మే 14కి మూడున్నర పైన ముందు, జూన్ 13కి మళ్లీ సున్నా, జూలై 26కి ఆరున్నర వెనక, సెప్టెంబరు 1కి సున్నా, అక్టోబరు 1కి 10 ముందు, నవంబరు 3కి 16 దాటి ముందు, డిసెంబరు 1కి 11 ముందు, డిసెంబరు 25కి సున్నా. వెనక ఉంటే కలపాలి, ముందుంటే తీసెయ్యాలి. మధ్య రోజులకి అందాజుగా వేసుకోవచ్చు, సెకన్ల కోసం పాకులాడొద్దు, సూర్యుడి బింబమే అర డిగ్రీ ఉంటుంది, నీడ అంచు రెండు నిమిషాల మేర మసకగానే పడుతుంది, అందులో మధ్య పట్టుకుని ఒక నిమిషం తేడాతో చదివితే గొప్పే.

పీట వెయ్యడం కష్టం అనిపిస్తే పలక సమంగానే ఉంచి, ఈ పట్టీతో పాటు రోజూ ఇంకో 28 తీసెయ్యండి, తప్పు కాదు, ఉత్తరం సరిగ్గా ఉంటే పొద్దున్నించి సాయంత్రం దాకా ఆ 28 ఒకేలా ఉంటుంది. నేనైతే పీటే వేస్తా. తాతగారు కూడికలు తప్పించుకోడానికే అంత శ్రమపడి గీశారు, మళ్లీ మనం తీసివేతలు పెట్టుకోవడం ఏంటి.

కింద ఇంకొకరు రాయగడ నుంచి అడిగారు, అందరికీ ఒకే లెక్కా అని. కాదు. ఊరి టైము చూపించే మామూలు గడియారం అయితే రాయగడ 83.42, మూడున్నర నాలుగు నిమిషాలు తీసెయ్యాలి, మా పర్లాకిమిడి 84.09, ఆరున్నర తియ్యాలి, బరంపురం తొమ్మిది పైచిలుకు. కొరాపుట్ జిల్లా జయపురం వాళ్లది అదృష్టం, 82.57 డిగ్రీలు, దేశం మొత్తం టైము పట్టుకునే గీత దాదాపు వాళ్ల వీధిలోంచే పోతుంది, తేడా 17 సెకన్లు. అన్నవరం కొండ మీద గుడి దగ్గర నీడ గడియారం చూసే ఉంటారు, ఆ ఊరు కూడా 82.4 దగ్గరే, అర నిమిషం తేడా కూడా రాదు. అటు పడమర పోతే సిరోంచ 79.97, పది నిమిషాలు కలపాలి. నాకు ఇందులో బాగా నచ్చే సంగతి ఒకటుంది. బరంపురంలో మామూలు గడియారం పెడితే అది చేతి గడియారంతో ఏడాదికి సరిగ్గా రెండుసార్లు కలుస్తుంది, ఒకటి సంక్రాంతికి, ఇంకోటి మార్చి 14 చుట్టూరా, ఎందుకంటే అప్పుడు సూర్యుడు 9 నిమిషాలు వెనకుంటాడు, ఊరు 9 నిమిషాలు ముందుంటుంది, చెల్లుకి చెల్లు. జయపురంలో నాలుగుసార్లు కలుస్తుంది. సిరోంచలో అక్టోబరు 1, డిసెంబరు 3 ఆ ప్రాంతంలో. ధర్మాబాద్‌లో మాత్రం ఎప్పటికీ కలవదు, వాళ్లకి సూర్యుడు 18.6 నిమిషాలు ముందుండాలి, ఆయన 16.4 దాటి పోడు. బహుశా అందుకే మీ తాతగారికి విసుగొచ్చి గీతలే జరిపేశారు.

పలక ఎప్పటిదో మీకు తెలీదన్నారు. ఒక పని చెయ్యండి, వెనక పక్క సంవత్సరం ఏమన్నా చెక్కి ఉందేమో చూడండి. ఈ 82.5 టైము 1906 జనవరి 1 నుంచే వచ్చింది, అంతకుముందు రైళ్లు మద్రాసు టైము మీద నడిచేవి, అది గ్రీనిచ్ కంటే 5 గంటల 21 నిమిషాలు ముందు. మా గంజాం వైపంతా 1936లో ఒరిస్సా ఏర్పడేదాకా మద్రాసు ప్రెసిడెన్సీయే, బరంపురంలో ఆ రోజుల్లో గడియారం చేసినవాడు మద్రాసు టైముకి కలపాలంటే 18 నిమిషాలు తీసెయ్యాల్సి వచ్చేది. కలకత్తా వాళ్లు సొంత టైము 1948 దాకా, బొంబాయి వాళ్లు 1955 దాకా వదల్లేదు. ఇంకో తిరకాసు, యుద్ధం రోజుల్లో 1942 సెప్టెంబరు నుంచి 1945 అక్టోబరు దాకా దేశం మొత్తం గడియారాలు గంట ముందుకి తిప్పారు, అప్పుడు చేసిన పలక మీద అంకెలే ఒక గంట జరిగి ఉండొచ్చు. మీ దాంట్లో ఆ గోల లేదు, గీత 18 నిమిషాల దగ్గరే ఉంది కాబట్టి అది 1906 తర్వాతదే, యుద్ధం టైముది కాదు.

మీ పాప స్కూలు ప్రాజెక్టుకి ఆన్‌లైన్‌లో కొన్న చిన్న ఇత్తడి గడియారం గురించి కూడా అడిగారు. కొమ్ము 45 డిగ్రీలు ఉందంటున్నారు, అది ఏ ఫ్రాన్సుకో కెనడాకో సరిపోయేది. ముందు అది నిజం గడియారమా బల్ల మీద అలంకారమా తేల్చుకోండి. పన్నెండుకీ మూడుకీ మధ్య కోణం కొలవండి, 35 డిగ్రీలొస్తే 45 అక్షాంశానికి సరిగ్గా గీసిందే, పనికొస్తుంది. 45 వచ్చి, గంటలన్నీ 15 డిగ్రీల చొప్పున సమానంగా ఉంటే అది గోడ గడియారం ముఖానికి కొమ్ము అతికించిన బొమ్మ, కాగితాల మీద బరువుకి పెట్టుకోండి. నిజమైనదే అయితే దాని దక్షిణం అంచు 25.7 డిగ్రీలు పైకి లేపి ఏటవాలు పీట మీద పెడితే కొమ్ము 19.3కి దిగుతుంది, గీతలేం మార్చక్కర్లేదు. పాపకి చెప్పండి, పలకని ఫ్రాన్సులో నేల ఎలా ఉంటుందో అలా పెట్టాం అని, పిల్లలకి ఇది పెద్దవాళ్ల కంటే తొందరగా ఎక్కుతుంది. అది ఊరి టైమే చూపిస్తుంది, 9 నిమిషాలు తీసెయ్యాలి, ఆపైన పట్టీ.

కోణార్క్ చక్రాలతో పోల్చి రాశారొకరు. గైడ్లు వేలు పెట్టి టైము చెప్పడం నేనూ చూశా, సరదాగానే ఉంటుంది, కానీ గోడకి నిలువుగా ఉన్న చక్రంలోంచి నిటారుగా బయటకొచ్చిన ఇరుసు నీడ ఒకే టైముకి జనవరిలో ఒక చోట, మే నెలలో ఇంకో చోట పడుతుంది. జూన్ మధ్యాహ్నం అయితే దక్షిణం గోడకి ఎండే తగలదు. శిల్పం గొప్పదే, మన లెక్కకి మాత్రం పనికిరాదు.

బిగించే ముందు ఒక మాట. గోపాలపురం నుంచి వచ్చే గాలి సంగతి మీకు ఇంకా తెలీదేమో. 2018లో తిత్లీ తుఫానుకి మా మేడ మీద గడియారం దిమ్మె ఉంది, పలక లేదు, రెండిళ్ల అవతల పెంట కుప్పలో దొరికింది, కొమ్ము మడత పడిపోయి. చెక్క పీటకి కింద నుంచి నాలుగు స్టీలు బోల్టులు వేసి దిమ్మెలోకి దించండి, ఇనప బోల్టులు ఇత్తడికి తగిలితే చిలుం పడుతుంది. అక్టోబరులో తుఫాను అంటే పలక విప్పి లోపల పెట్టెయ్యండి, విప్పే ముందు పీట చుట్టూ దిమ్మె మీద పెయింటుతో గీత కొట్టుకుంటే మళ్లీ ఉత్తరం వెతుక్కోక్కర్లేదు.

పీట వేశాక డిసెంబరు 25 దాకా ఆగండి. ఆ రోజు పట్టీలో సున్నా, నీడా ఫోనూ రెండూ ఒకటే చూపించాలి. పొద్దున ఎనిమిదికి, పదకొండుకి, మూడింటికి, ఐదుకి చూసి రాసుకోండి. తేడా రోజంతా ఒకేలా వస్తే, ఐదు నిమిషాలు అనుకోండి, తూర్పు అంచు ఎత్తు తప్పు, నిమిషానికి పావు డిగ్రీ లెక్కన సరిచెయ్యండి, అంటే మీ పలకకి తూర్పు అంచు దగ్గర మిల్లీమీటరున్నర లోపే. పదకొండు దగ్గర ఎక్కువ, పొద్దునా సాయంత్రమూ తక్కువ ఇలా మారుతూ వస్తే ఎత్తు ముట్టుకోవద్దు, ఉత్తరం తప్పింది, దారం గుండ్లు మళ్లీ కట్టండి. ఆ నాలుగు అంకెలు ఇక్కడ పెడితే మిగతాది నేను చూసి చెప్తా.